వైరస్ పోయినా నెట్ రాకపోతే: దారి మళ్లిన ఇంటి కంప్యూటర్‌ని బాగుచేసుకోవడం

పోయిన ఆషాఢంలో ఒక ఆదివారం పొద్దున్నే తెనాలి నుంచి బాబాయి ఫోన్ చేశారు. "అమ్మాయ్, వైఫై గీతలు నిండుగా ఉన్నాయి. ఫోన్‌లో అన్నీ వస్తున్నాయి. కంప్యూటర్‌లో మాత్రం ఒక్క పేజీ తెరుచుకోవట్లేదు. నిన్ననే వైరస్ కూడా తీయించానే!"

నేను గుంటూరులో పన్నెండేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. ఆయన చివర అన్న మాటతోనే నాకు సగం సంగతి తెలిసిపోయింది. వైరస్ తీశారు, అది మార్చిపెట్టిన సెట్టింగ్‌ని వదిలేశారు. వెళ్లి చూస్తే అదే. విండోస్‌లో ప్రాక్సీ అనే చోట 127.0.0.1 అని ఉంది. అది ఏ కంప్యూటర్‌కైనా తన సొంత చిరునామా. వైరస్ కంప్యూటర్‌లోనే ఒక మూల కూర్చుని, నెట్‌కి వెళ్లేవన్నీ ముందు తన చేతికి ఇమ్మని విండోస్‌కి చెప్పి పెట్టింది. పది రోజుల పాటు బాబాయి ఏం వెతికినా ముక్కూమొహం తెలియని సెర్చ్ పేజీకి పోయిందంటే కారణం అదే. శనివారం యాంటీవైరస్ దాన్ని చెరిపేసింది. కానీ విండోస్ మాత్రం పాత మాట ప్రకారమే అన్నీ ఆ తలుపు దగ్గరికే పంపుతోంది. మన ఉత్తరాలన్నీ పక్కింటాయనకి ఇమ్మని పోస్టాఫీసులో ఎవరో రాసిచ్చారనుకోండి. ఆయన ఇల్లు ఖాళీ చేసి పోయినా ఆ కాగితం రద్దు చేసేదాకా మన ఉత్తరం మనకి రాదు.

అందుకే ఈ పనిలో రెండు భాగాలుంటాయని ముందే చెబుతున్నాను. ఒకటి, సెట్టింగ్ మార్చినవాణ్ణి బయటికి పంపడం. రెండు, వాడు మార్చినవన్నీ వెతికి వెనక్కి తిప్పడం. మొదటిది మానేస్తే సెట్టింగ్‌లు మళ్లీ మారతాయి. రెండోది మానేస్తే బాబాయిలా నెట్ లేకుండా కూర్చోవాలి.

ముట్టుకునే ముందు

ఆ కంప్యూటర్‌లో బ్యాంకు, మెయిల్, ఆధార్, ఏదీ తెరవకండి. ఈ మధ్య అందులో పాస్‌వర్డ్ కొట్టి ఉంటే, ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద ఆ పాస్‌వర్డ్‌లు మార్చండి. మొదట మెయిల్‌ది, తర్వాత బ్యాంకుది. ఖాతాలోంచి డబ్బు పోయినట్టు కనిపిస్తే కంప్యూటర్‌ని పక్కన పెట్టి వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకీ చెప్పండి. ముందు వైరస్ తీసి తర్వాత ఫిర్యాదు చేద్దామని ఆగితే ఆ కాస్త సమయంలో డబ్బు చేతులు మారిపోతుంది.

ఇక జబ్బు ఎక్కడుందో చూడాలి. ఉండేది మూడు చోట్లలో ఒకచోట: బ్రౌజర్, విండోస్, గోడకున్న మోడెమ్. అదే వైఫై మీద ఇంట్లో ఫోన్లు కూడా వింత పేజీలు చూపిస్తుంటే మోడెమ్‌ని అనుమానించండి. ఫోన్లు బాగుండి కంప్యూటర్ ఒక్కటే తేడాగా ఉంటే కంప్యూటర్‌నే చూడండి. ఒక బ్రౌజర్‌లోనే గోల ఉండి, ఇంకో బ్రౌజర్ బాగుంటే పని తేలిక. ఆ బ్రౌజర్‌ని సరిచేస్తే చాలావరకు అయిపోతుంది.

కంప్యూటర్‌ని ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి చూడటం కూడా మంచి పరీక్షే. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. వైఫై లేని డెస్క్‌టాప్‌కి ఫోన్‌ని కేబుల్‌తో కలిపి టెథరింగ్ చేస్తే, అంటే ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి ఇస్తే, విండోస్ దాన్ని కొత్త కనెక్షన్‌గా చూస్తుంది. లాన్ కేబుల్ కనెక్షన్‌కి వైరస్ పెట్టిన డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లకి నంబర్లు చెప్పే సర్వర్, దీని సంగతి కింద వివరంగా చెబుతాను) ఈ కొత్తదానికి రాదు. అప్పుడు నెట్ చక్కగా వస్తే తప్పు మోడెమ్‌దేనని అనిపిస్తుంది. అలా అనుకుని మంచి మోడెమ్‌ని రీసెట్ చేయించుకున్న ఇల్లు నాకు తెలుసు. విండోస్ డీఎన్‌ఎస్ చూశాకే మోడెమ్ జోలికి వెళ్లండి.

వాణ్ణి బయటికి పంపడం

సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి, ఇన్‌స్టాల్ చేసిన తేదీ ప్రకారం వరసలో పెట్టండి. గోల మొదలైన రోజు గుర్తుంటే ఆ తేదీ దగ్గర ఆగండి. బాబాయి కంప్యూటర్‌లో ఒకే సాయంత్రం మూడు వచ్చి చేరాయి. ఒకటి పీడీఎఫ్ కన్వర్టర్, ఒకటి కంప్యూటర్ వేగం పెంచుతానన్నది, మూడోదానికి అర్థంలేని పేరు. ఆయన మాత్రం ఒక్కటే కోరుకున్నారు. రిటైరయ్యాక తమ ఊరి చరిత్ర రాస్తున్నారు, దానికి తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుందేమోనని వెతికారు. పేజీలో అన్నిటికన్నా పెద్దగా ఉన్న ఆకుపచ్చ డౌన్‌లోడ్ బటన్ నొక్కారు. అది ప్రకటన. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోతే మిగతావి కూడా దాని వెంట వచ్చేశాయి.

వాటిని అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రతి పెట్టెలో ఏం రాసుందో చదవండి. తీసేయమని అడుగుతుంటే "ఉంచు" అనే బటన్‌ని పెద్దగా చూపించే రకాలున్నాయి.

తర్వాత విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, అందులో స్కాన్ ఆప్షన్స్, అందులో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్. రాస్తున్న ఫైళ్లు ముందే సేవ్ చేసుకోండి, కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. పావుగంట దాకా పడుతుంది. విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి, నడుస్తున్నప్పుడు దాక్కునేవి కూడా దీనికి దొరుకుతాయి. దాని తర్వాత నేను మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల యాడ్‌వ్‌క్లీనర్ కూడా నడుపుతాను, అది ఉచితం. మన కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లోనూ ఉచిత పనిముట్లున్నాయి. ఏదైనా సరే, జబ్బుపడ్డ కంప్యూటర్‌లో వెతికి దింపుకోకండి. ఇంకో కంప్యూటర్‌లో అసలు సైట్ నుంచి తీసుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. సెర్చ్‌నే మళ్లిస్తున్న కంప్యూటర్ మందు కోసం వెతికినప్పుడు మాత్రం సరైన దారి చూపిస్తుందా?

ఇంతవరకు చేసి, ప్రాక్సీ ఆపి, నెట్ వచ్చాక ఆ ఆదివారం సాయంత్రం నేను గుంటూరు వచ్చేశాను. సోమవారం పొద్దున బాబాయి మళ్లీ ఫోన్. కంప్యూటర్ ఆన్ చేయగానే ప్రాక్సీ తిరిగి వచ్చింది. నేను చూడకుండా వదిలిన చోటు టాస్క్ షెడ్యూలర్. ఫలానా వేళకి, లేదా కంప్యూటర్ తెరవగానే ఫలానా పని చెయ్యి అని విండోస్‌కి చెప్పిపెట్టే చోటు అది. వైరస్ పోతూ పోతూ అక్కడ ఒక పని అప్పగించి పోయింది.

స్టార్ట్‌లో టాస్క్ షెడ్యూలర్ అని కొట్టి తెరవండి. ఎడమవైపు లైబ్రరీ నొక్కితే జాబితా వస్తుంది. ఒక్కొక్కదాని మీద నొక్కి కింద యాక్షన్స్ చూడండి. యాప్‌డేటా, టెంప్ ఫోల్డర్లలోంచి నడిచేవి, పవర్‌షెల్ అని మొదలై తర్వాత పొడుగాటి అర్థంలేని అక్షరాలున్నవి, మీరు తీసేసిన ప్రోగ్రామ్ పేరున్నవి అనుమానించాలి. యాప్‌డేటాలో ఉన్నంతమాత్రాన చెడ్డవి కావు, మంచి ప్రోగ్రాములు కూడా అక్కడినుంచి నడుస్తాయి. అందుకని వెంటనే డిలీట్ చేయకండి, డిజేబుల్ చేయండి. రెండు మూడు రోజులు చూసి, ఏమీ ఆగిపోలేదనుకున్నాక డిలీట్ చేయండి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితా కూడా ఒకసారి చూడండి. సోమవారం ఇవన్నీ బాబాయికి ఫోన్‌లోనే చెప్పి చేయించాను. నలభై నిమిషాలు పట్టింది.

మార్చినవి వెనక్కి తిప్పడం

ప్రాక్సీ: సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ప్రాక్సీ. పైన "ఆటోమేటిక్‌గా గుర్తించు" అన్నది ఆన్‌లో ఉన్నా పర్వాలేదు. కింద సెటప్ స్క్రిప్ట్, మాన్యువల్ ప్రాక్సీ రెండూ ఆఫ్‌లో ఉండాలి. మాన్యువల్ ఒక్కటే చూసి చాలామంది ఆగిపోతారు. స్క్రిప్ట్‌తో మళ్లించేవి కూడా ఉన్నాయి, రెండూ చూడండి. ఇది సొంత కంప్యూటర్‌కి చెప్పే మాట. హైదరాబాద్ కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంటే దాని ప్రాక్సీ ఆఫీసువాళ్లు పెట్టి ఉండొచ్చు. ముట్టుకోకుండా వాళ్ల ఐటీ విభాగానికి చెప్పండి.

డీఎన్‌ఎస్: ఇది కొంచెం నిదానంగా చదవండి. సైట్ పేరు కొడితే, ఆ పేరుకి నంబరు ఏమిటో కంప్యూటర్ ఒక సర్వర్‌ని అడుగుతుంది. అదే డీఎన్‌ఎస్. ఆ సర్వర్‌నే మార్చేస్తే మీరు పేరు సరిగ్గా కొట్టినా వాడు చెప్పిన చోటికే వెళతారు. డీఎన్‌ఎస్‌ఛేంజర్ అనే వైరస్ చేసింది ఇదే. ఎస్టోనియా దేశంలోని ఒక ముఠా వంద పైచిలుకు దేశాల్లో సుమారు 40 లక్షల కంప్యూటర్ల డీఎన్‌ఎస్ మార్చేసి, ప్రకటనల మీద కనీసం కోటీ 40 లక్షల డాలర్లు సంపాదించింది. 2011 నవంబరులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, ఎస్టోనియా పోలీసులు కలిసి వాళ్లను పట్టుకున్నారు. కానీ ముఠా సర్వర్లను ఉన్నపళంగా ఆపితే ఆ లక్షల కంప్యూటర్లకి నెట్ ఉండదు, ఎందుకంటే సెట్టింగ్ ఇంకా వాటినే చూపిస్తోంది. అందుకని కోర్టు అనుమతితో ఇంటర్నెట్ సిస్టమ్స్ కన్సార్షియం అనే సంస్థ వాటి స్థానంలో మంచి సర్వర్లు నడిపింది. 2012 జులై 9న వాటిని ఆపేసేనాటికి కూడా లక్షల కంప్యూటర్లు సెట్టింగ్ మార్చుకోకుండానే ఉండిపోయాయి. తెనాలిలో బాబాయి గదిలో జరిగిందే అక్కడ కొన్ని నెలల పాటు ప్రపంచమంతా జరిగింది.

మీది చూసుకోవాలంటే విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఈ అక్షరాలు ఇంగ్లీషులో కొట్టండి. ఫోన్‌లో చెప్పినట్టే విడివిడిగా చెబుతాను: ఎన్, సి, పి, ఎ, చుక్క, సి, పి, ఎల్. కనెక్షన్లు వస్తాయి. మీరు వాడేదాని మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4, మళ్లీ ప్రాపర్టీస్. డీఎన్‌ఎస్ దగ్గర "ఆటోమేటిక్‌గా తీసుకో" అన్నది ఎంచుకోండి. అడ్వాన్స్‌డ్ నొక్కి డీఎన్‌ఎస్ ట్యాబ్‌లో అదనంగా ఏమైనా నంబర్లున్నాయేమో చూసి తీసేయండి. వెర్షన్ 6కి కూడా ఇదే చేయాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది వెర్షన్ 6నే.

ఆ తర్వాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐ, పి, సి, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జి, ఒక ఖాళీ, స్లాష్, ఎ, ఎల్, ఎల్ అని కొట్టండి. డీఎన్‌ఎస్ సర్వర్స్ అన్న వరసలో నంబరు రాసుకోండి. 192.168తో మొదలైతే కంప్యూటర్ మోడెమ్‌ని అడుగుతోందని అర్థం. అప్పుడు మోడెమ్ ఎవర్ని అడుగుతోందో చూడాలి. 8.8.8.8 గూగుల్‌ది, 1.1.1.1 క్లౌడ్‌ఫ్లేర్‌ది, 9.9.9.9 క్వాడ్9ది. ఇవి కాక ఇంకేదైనా కనిపిస్తే నెట్ ఇచ్చే ఆపరేటర్‌ని "ఈ నంబరు మీదేనా" అని అడగండి. చివరగా అదే ఆదేశంలో ఎ, ఎల్, ఎల్ బదులు ఎఫ్, ఎల్, యు, ఎస్, హెచ్, డి, ఎన్, ఎస్ కొడితే పాత జవాబులు చెరిగిపోతాయి.

హోస్ట్స్ ఫైల్: సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ అనే ఫోల్డర్లలోకి వరసగా వెళితే ఉంటుంది. నోట్‌ప్యాడ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఓపెన్ పెట్టెలో "ఆల్ ఫైల్స్" ఎంచుకుంటేనే కనిపిస్తుంది. హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరసలు వివరణ మాత్రమే, వాటితో పని లేదు. ఆ గుర్తు లేకుండా యాంటీవైరస్ సైట్ల పేర్లో, మైక్రోసాఫ్ట్ పేరో, బ్యాంకు పేరో ఉంటే తీసి సేవ్ చేయండి. పైన శుభ్రంగా ఉందని మూసేయకండి, చివరిదాకా కిందకి జరపండి. వందల ఖాళీ వరసలు వదిలి అడుగున రాసిపెట్టేవి ఉన్నాయి.

బ్రౌజర్: ఎక్స్‌టెన్షన్లలో, అంటే బ్రౌజర్‌కి అదనంగా తగిలించిన చిన్న ప్రోగ్రాముల్లో, మీకు తెలియనివి తీసేయండి. సెర్చ్ ఇంజిన్, మొదటి పేజీ సరిచూడండి. డెస్క్‌టాప్ మీది క్రోమ్ బొమ్మ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టార్గెట్ చూడండి, చివర ఏదైనా సైట్ పేరు అతికించి ఉంటే చెరిపేయండి. నోటిఫికేషన్ల జాబితాలో ఎప్పుడో "అలో" నొక్కిన సైట్లుంటే తీసేయండి. తెర మూలన వచ్చే "మీ కంప్యూటర్‌లో వైరస్" హెచ్చరికలు చాలావరకు అక్కడినుంచే వస్తాయి. బ్రౌజర్ మెనూలో "మీ సంస్థ నిర్వహిస్తోంది" అని ఇంటి కంప్యూటర్‌లో కనిపిస్తే అనుమానించాలి. కొన్ని యాంటీవైరస్‌ల వల్ల కూడా అలా వస్తుంది కాబట్టి కంగారుపడకుండా, అడ్రస్ పెట్టెలో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని ఇంగ్లీషులో కొట్టి చూడండి. ఎవరు ఏం నిర్బంధించారో అక్కడ కనిపిస్తుంది.

ఎక్స్‌టెన్షన్ తీసినా తిరిగి వస్తుంటే సింక్ కారణం కావచ్చు. ఒకే గూగుల్ ఖాతాతో ఇంట్లో రెండు కంప్యూటర్లుంటే, ఒకదానిలో ఉన్నది రెండోదానికి వచ్చేస్తుంది. సింక్ ఆపి, రెండింట్లోనూ తీశాక మళ్లీ పెట్టుకోండి.

ఇవన్నీ అయ్యాక కూడా నెట్ తడబడుతుంటే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ ఉంది. వైఫై పాస్‌వర్డ్‌లు మర్చిపోతుంది, రాసి పెట్టుకుని నొక్కండి.

మోడెమ్

ఇక్కడ తొందరపడకండి. వెనకున్న చిన్న చిల్లులో పిన్ను గుచ్చి రీసెట్ చేసేస్తే అన్నీ పోతాయని ఎవరైనా చెబుతారు. నిజమే, డీఎన్‌ఎస్‌తో పాటు మీ కనెక్షన్ యూజర్ పేరు, పాస్‌వర్డ్ కూడా పోతాయి. మన ఊళ్లలో ఫైబర్ కనెక్షన్లకి ఆ వివరాలు ఇంటివాళ్ల దగ్గర ఉండవు, లైన్ వేసిన కుర్రాడి దగ్గరుంటాయి. ఆదివారం అతను ఫోన్ ఎత్తడు. కాబట్టి ముందు ఆపరేటర్‌కి ఫోన్ చేసి ఆ వివరాలు కాగితం మీద రాసుకున్నాకే పిన్ను తీయండి.

రీసెట్ దాకా వెళ్లకుండా కూడా చూడొచ్చు. ఇందాకటి ఆదేశంలోనే డిఫాల్ట్ గేట్‌వే అన్న నంబరు ఉంటుంది. దాన్ని బ్రౌజర్‌లో కొడితే మోడెమ్ పేజీ వస్తుంది. పాస్‌వర్డ్ అడుగున అంటించిన కాగితం మీద ఉంటుంది. వ్యాన్ (డబ్ల్యూ, ఎ, ఎన్), లాన్ (ఎల్, ఎ, ఎన్) లేదా డీహెచ్‌సీపీ అనే పేజీల్లో డీఎన్‌ఎస్ నంబర్లు ఫోన్‌తో ఫొటో తీసి ఆపరేటర్‌కి పంపండి. తమవి కాదంటే మార్చండి. పాస్‌వర్డ్ ఇంకా అడ్మిన్, అడ్మిన్ అనే ఉంటే అప్పటికప్పుడే మార్చేయండి. డీఎన్‌ఎస్‌ఛేంజర్ కూడా ఇళ్లలోని రౌటర్లలోకి దూరింది ఇలాంటి మార్చని పాస్‌వర్డ్‌లతోనే. బయటినుంచి మోడెమ్ సెట్టింగ్‌లు మార్చనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపేయండి. దాన్ని ఆపరేటర్ వాడుతున్నానంటే తమ సర్వర్ నుంచి తప్ప ఇంకెక్కడినుంచీ తెరుచుకోకుండా పెట్టమని అడగండి. తర్వాత ఇంట్లో అన్ని ఫోన్లకీ వైఫై ఒకసారి ఆపి ఆన్ చేయాలి, లేకపోతే పాత నంబరునే పట్టుకుని ఉంటాయి.

ఎప్పుడు మొత్తం తుడిచేయాలి

అన్నీ చేశాక మూడోసారి కూడా తిరిగి వస్తే నేను ఇక వెతకను, విండోస్ కొత్తగా ఎక్కించేస్తాను. ఇంకో సందర్భం కూడా ఉంది. అడ్రస్ పక్కనున్న బొమ్మ (కొన్ని బ్రౌజర్లలో తాళం, ఇప్పటి క్రోమ్‌లో రెండు గీతలు) నొక్కి, సైట్ అసలైనదేనని చూపించే సర్టిఫికెట్ చూస్తే, ఏ సైట్‌కైనా జారీ చేసినవాళ్ల పేరు ఒకటే ఉండి, అది మీ యాంటీవైరస్ పేరు కూడా కాకపోతే, మధ్యలో ఎవరో కూర్చుని తాళం వేసిన మాటల్ని కూడా చదువుతున్నారు. అలాంటి కంప్యూటర్‌ని బాగుచేసి ఇందులో బ్యాంకు పని చేసుకోండని చెప్పే ధైర్యం నాకు లేదు. పత్రాలు, ఫొటోలు మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి, ఇన్‌స్టాలర్ ఫైళ్లు వద్దు. "రీసెట్ దిస్ పీసీ"లో అన్నీ తీసేయమని, విండోస్‌ని క్లౌడ్ నుంచి దింపుకోమని ఎంచుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఎలాగూ తుడుస్తున్నప్పుడు కంప్యూటర్ మోయగలిగితే 11 ఎక్కించుకోవడం మేలు.

బాబాయిది అంతదాకా రాలేదు. టాస్క్ తీశాక మళ్లీ ప్రాక్సీ మారలేదు. ఆ పై ఆదివారం వెళ్లినప్పుడు, అసలు ఆయన వెతికింది దేనికోసమో అది పెట్టిచ్చాను. విండోస్‌లోనే తెలుగు ఉంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్లి తెలుగు చేర్చుకుంటే, దాని కీబోర్డుల్లో ఫోనెటిక్ అనేది దొరుకుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులో పడుతుంది. 2019 నుంచి ఉంది, దేనికీ డబ్బు కట్టక్కర్లేదు, ఏదీ డౌన్‌లోడ్ బటన్ నొక్కి దింపుకోనక్కర్లేదు. "ఇది ఇందులోనే ఉందటమ్మా?" అని బాబాయి రెండుసార్లు అడిగారు.

వచ్చేముందు ఒక తెల్లకాగితం మీద నాలుగు వరసలు రాసి మానిటర్ పక్క గోడకి అంటించాను. మోడెమ్ చిరునామా, కనెక్షన్ యూజర్ పేరు, లైన్ కుర్రాడి ఫోన్ నంబరు, ఇప్పుడున్న డీఎన్‌ఎస్ నంబరు. నెలకోసారి నాలుగో వరసని తెర మీద వచ్చినదానితో పోల్చి చూడమన్నాను. ఇప్పటికి మూడుసార్లు చూసి, తేదీ వేసి సంతకం పెట్టారు.